ఫ్రాంజ్ లిస్ట్ పాత పోర్ట్రెయిట్ ఫోటో దొరికిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీ, ఆస్ట్రియాల్లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో పాత సామాన్ల సంతలకు వెళ్లే మనవాళ్లున్నారు. పియానో నేర్చుకునే పిల్లలకు కానుకగా ఇవ్వాలని ఆన్‌లైన్ వేలంలో కొనే తల్లిదండ్రులూ ఉన్నారు. వీళ్ల చేతికి తరచుగా వచ్చే పాత ఫోటో పందొమ్మిదో శతాబ్దపు హంగేరియన్ పియానో విద్వాంసుడు, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్‌ది. నల్లటి అంగీ, భుజాల దాకా తెల్లటి జుట్టు, గోధుమరంగు తిరిగిన అట్ట. అసలుదేనా, ఎప్పటిది, ఎలా దాచాలి అని అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

పాశ్చాత్య సంగీతకారులు అంతమంది ఉండగా లిస్ట్ ఫోటోలే ఎందుకు ఇన్ని కనిపిస్తాయి?

ఆయన పుట్టింది 1811లో, పోయింది 1886లో. ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించిన 1839 నాటికి ఆయన ఇరవైల్లో ఉన్నారు, యూరప్ అంతా తిరిగి కచేరీలు చేస్తున్నారు. 1843లో హాంబర్గ్‌లో హెర్మన్ బియోవ్ ఆయన్ని వెండి పూత రేకు మీద డాగెరోటైప్‌గా తీశాడు. 1858లో మ్యూనిక్‌లో ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగ్ల్, ముసలితనంలో వైమార్‌లో లూయీ హెల్డ్, చనిపోయే ఏడాది పారిస్‌లో నాదార్ స్టూడియో తీశాయి. 1827లో పోయిన బీథోవెన్‌కు, 1828లో పోయిన షూబర్ట్‌కు ఈ అవకాశమే లేదు. లిస్ట్ కీర్తి, ఫోటో వ్యాపారం రెండూ ఒకే కాలంలో పెరిగాయి. పైగా స్టూడియోకి పిలిస్తే ఆయన వెళ్లి కూర్చునేవారు.

మరి మన త్యాగరాజస్వామి ఫోటో ఎక్కడైనా ఉందా?

లేదు. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరిలో. అప్పటికే కలకత్తా లాంటి నగరాలకు కెమెరా వచ్చింది కానీ, తిరువయ్యూరులో ఉంఛవృత్తి చేసుకుంటూ బతికిన ఆయన దగ్గరికి అది చేరలేదు. మనం పూజించే రూపాలన్నీ చిత్రకారులు గీసినవే. శ్యామశాస్త్రి 1827లో, దీక్షితులు 1835లో పోయారు, వాళ్ల కాలానికి ఫోటోగ్రఫీ ఊసే లేదు. "త్యాగరాజు ఒరిజినల్ ఫోటో" అని ఎవరైనా అమ్మజూపితే అది ఏదో పటానికి తీసిన ఫోటో అయి ఉంటుంది. స్వామి జీవించి ఉండగానే లిస్ట్ కెమెరా ముందు కూర్చున్నారన్న సంగతి తలచుకుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

కార్ట్ ద విజిట్, కేబినెట్ కార్డు అని రాస్తున్నారు. తేడా ఏమిటి?

రెండూ పల్చటి కాగితం మీద ఫోటో వేసి, దాన్ని గట్టి అట్టకు అంటించినవే. తేడా సైజులో ఉంది. కార్ట్ ద విజిట్ అట్ట సుమారు 64 × 100 మిల్లీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. పారిస్‌లో డిస్డేరి 1854లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఒకే గాజు పలక మీద చాలా పోజులు తీయడంతో ధర దిగివచ్చింది, 1860ల్లో జనం వీటి మీద ఎగబడ్డారు. కేబినెట్ కార్డు సుమారు 108 × 165 మిల్లీమీటర్లు, 1860ల రెండో సగంలో మొదలై 1870 తర్వాత బాగా నడిచింది. లిస్ట్ నడివయసు ఫోటోలు ఎక్కువగా చిన్న సైజులోనూ, ముసలితనపువి కేబినెట్ సైజులోనూ కనిపిస్తాయి.

వంద నూట యాభై ఏళ్ల నాటిది కదా, చాలా అరుదైనదేనా?

పాతది వేరు, అరుదైనది వేరు. ఆ కాలంలో ప్రసిద్ధుల ఫోటోలను సంగీత పుస్తకాల దుకాణాల్లో, స్టేషనరీ షాపుల్లో బొత్తులుగా అమ్మేవారు. ఇంటింటా ఆల్బమ్ ఉండేది, అందులో రాజులూ గాయకులూ బంధువులూ పక్కపక్కనే. జనానికి బాగా తెలిసిన లిస్ట్ పోజు అయితే, సంతకం లేకపోతే, ఓపికతో వెతికితే మళ్లీ దొరుకుతుంది. తొందరపడి పాట పెంచుకుంటూ పోనక్కర్లేదు. అరుదైనవి సంతకం ఉన్నవి, శిష్యులతో కలిసి దిగినవి, పెద్దగా ప్రచారం కాని పోజులు. అసలు డాగెరోటైప్ అయితే రేకు మీద ఒక్కటే ఉంటుంది, అలాంటిది మామూలు సంతలో దొరికిందంటే ముందు అనుమానించాలి.

ఆన్‌లైన్‌లో కొంటున్నాను. అమ్మేవాళ్లను ఏం అడగాలి?

ముందు వెనకవైపు ఫోటో అడగండి. అది పెట్టని వాళ్ల దగ్గర, అడిగినా ఇవ్వని వాళ్ల దగ్గర కొనొద్దు. తర్వాత అట్ట కొలత మిల్లీమీటర్లలో, ఒక మూల దగ్గరగా తీసిన ఫోటో, పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఇంకో ఫోటో అడగండి. పక్క వెలుతురులో గీతలు, ఉబ్బులు, అతుకులు అన్నీ బయటపడతాయి. "వింటేజ్ స్టైల్", "రీప్రొడక్షన్", "ఆర్ట్ ప్రింట్" అన్న మాటలు వివరణ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, పూర్తిగా చదవండి. అసలుది కాకపోతే వాపసు తీసుకుంటానని రాతపూర్వకంగా చెప్పించుకోండి.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఇబ్బంది ఉంటుందా?

వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు సుంకాల పట్టికలో 9706 అనే ప్రత్యేక శీర్షిక ఉంది. పార్సిల్ మీద "ఫోటో" అని ఒక్క ముక్క రాస్తే అధికారికి ఏమీ తెలియదు. "అసలు ఫోటోగ్రాఫ్, సుమారు 1880, వందేళ్లు దాటిన పురాతన వస్తువు" అని ఇంగ్లీషులో స్పష్టంగా రాయమనండి, బిల్లు లోపలా బయటా పెట్టమనండి. కానుక అని రాయించి విలువ తగ్గించి చూపే పని వద్దు. పార్సిల్ పోతే పరిహారం కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

## చేతికి వచ్చాక

ఇది నిజమైన ఫోటోనా, పుస్తకంలోంచి కత్తిరించిన బొమ్మా? నేనే ఎలా తేల్చుకోవాలి?

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనండి. వాచీ రిపేరు వాళ్లూ నగల షాపు వాళ్లూ వాడేది చాలు. కిటికీ దగ్గర కూర్చుని లిస్ట్ చెంప మీద, నీడ మొదలయ్యే చోట చూడండి. వరుసగా చుక్కలు కనిపిస్తే అది అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ, దినపత్రికలో ఫోటోను భూతద్దంతో చూస్తే కనిపించే చుక్కలే ఇవి. చుక్కలు లేకుండా లేత రంగు నుంచి ముదురుకు మెల్లగా మారిపోతుంటే అది ఫోటో కావచ్చు.

ఇప్పుడు కోటు దగ్గరి ముదురు భాగం వదిలి నుదుటి మీద లేత భాగానికి రండి. కాగితపు పోగులు సన్నగా, రంగు పొర కిందనుంచి కనిపిస్తున్నాయా? కనిపిస్తే అల్బుమెన్ ప్రింట్ అనడానికి అది మంచి గుర్తు. గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితాన్ని వెండి నైట్రేట్‌లో తడిపి, నెగటివ్ కింద పెట్టి ఎండలో ముద్రించేవారు. 1850లో బ్లాంకార్-ఎవ్రార్ కనిపెట్టిన ఈ పద్ధతే లిస్ట్ జీవితకాలంలో ఎక్కువగా నడిచింది. తెల్లసొన పొరకు పల్చటి మెరుపు ఉంటుంది, పాతబడ్డాక వెంట్రుకంత సన్నటి పగుళ్ల వల అల్లుకుంటుంది. పోగులు అసలు కనిపించకుండా కింద నున్నటి తెల్లపొర ఉంటే అది జెలటిన్ లేదా కలోడియన్ కాగితం. అవి ఎక్కువగా వాడకంలోకి వచ్చింది లిస్ట్ చివరి రోజుల్లోనూ ఆ తర్వాతా. అంటే ఆయన పోయాక పాత నెగటివ్ నుంచి వేసిన కాపీ అయి ఉండే అవకాశం ఎక్కువ.

నోట్లు చూసే యూవీ టార్చ్ పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. చీకటి గదిలో ఒక్క క్షణం వేసి చూడండి. కాగితం గానీ అట్ట గానీ నీలిరంగు తెలుపుతో మెరిసిపోతే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు. ఫోటో కాగితాల్లో అది వాడటం 1950ల నుంచి మొదలైంది, కాబట్టి ఆ ఫోటో లిస్ట్ కాలంది కాదు. మెరవనంత మాత్రాన అసలుదని రుజువు కాదు. ఈ పరీక్ష కొత్తవాటిని పక్కకు తీసేయడానికే.

బాగా పసుపు పచ్చగా, వెలిసిపోయినట్టు ఉంది. పాడైపోయిందా?

అల్బుమెన్ ప్రింట్ తీరే అంత. మొదట్లో ఊదారంగు కలిసిన నలుపులో ఉండేది కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు మారుతుంది, తెల్లటి చోట్లు పసుపెక్కుతాయి. వెలిసిపోవడం సాధారణంగా అంచుల నుంచి మొదలవుతుంది. తేమ, వెలుతురు, అట్టలోని ఆమ్లం, అంటించిన జిగురు అన్నీ కారణాలే. పోయిన రంగు వెనక్కి రాదు. ఇకముందు పోకుండా చూడగలం, అంతే. నాకైతే సమంగా పసుపెక్కి, ముఖం స్పష్టంగా ఉన్న ప్రింటు అందంగానే కనిపిస్తుంది.

రంగు అసలు వెలిసిపోలేదు, ముదురు చాక్లెట్ రంగులో ఉంది. నకిలీయా?

వుడ్‌బరీటైప్ కావచ్చు. 1864లో వాల్టర్ వుడ్‌బరీ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. సీసపు అచ్చులో రంగు కలిపిన జెలటిన్ పోసి కాగితం మీదికి దించేవారు. ఇందులో వెండి లేదు కాబట్టి వెలవదు. చుక్కలూ ఉండవు. పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే ముదురు చోట్లు లేశమాత్రం ఎత్తుగా కనిపిస్తాయి. పారిస్‌లో 1870లు, 1880ల్లో ప్రసిద్ధుల చిత్రమాలికలకు దీన్ని విరివిగా వాడారు. ఇది నకిలీ కాదు, తనదైన విలువున్న వస్తువు. అమ్మేవాళ్లు అల్బుమెన్ అని రాసి ఉంటే ఆ వివరణ మాత్రం తప్పు.

వెనకాల జర్మన్‌లో ఏవేవో రాసి, పతకాల బొమ్మలు ఉన్నాయి. వాటికి అర్థం ఉందా?

ముందువైపు కన్నా వెనకవైపే ఎక్కువ చెబుతుంది. పెద్ద అక్షరాల్లో స్టూడియో పేరు, ఊరు, వీధి. స్టూడియోలు చిరునామాలు మారుస్తుండేవి. ఫలానా వీధిలో ఏ ఏళ్లలో ఉన్నదీ ఆ ఊరి పాత డైరెక్టరీల్లో దొరుకుతుంది, చాలా జర్మన్ నగరాలవి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడొచ్చు. "హోఫ్" అన్న మాట ఉంటే ఆస్థాన ఫోటోగ్రాఫర్ అని. పతకాల బొమ్మల్లో ఏడాదులు చూడండి. వియన్నా ప్రదర్శన పతకం 1873 అని ఉంటే ఆ అట్ట 1873కి ముందు అచ్చయి ఉండదు. నెగటివ్ దాచి ఉంచాం, కాపీలు కావాలంటే ఎప్పుడైనా చేసిస్తాం అని ఒక వాక్యం ఉంటుంది. ఫోటో తీసిన ఏడాదీ కాపీ వేసిన ఏడాదీ ఒకటే కానక్కర్లేదని దాన్నిబట్టే తెలుస్తుంది. అన్నిటికన్నా అడుగున, అంచుకు ఆనుకుని, చీమంత అక్షరాల్లో అట్ట తయారుచేసిన వాళ్ల పేరు ఉంటుంది. వియన్నాలోని బెర్న్‌హార్డ్ వాఖ్టల్ లాంటి పేర్లు అక్కడే కనిపిస్తాయి.

## కాలం తేల్చడం

లిస్ట్ ఏ వయసులో ఉండగా తీసిందో ముఖం చూసి చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. 1865లో ఆయన రోమ్‌లో చర్చి దీక్ష తీసుకున్నారు, అది పూర్తి పూజారి పదవి కాదు, కింది మెట్లు మాత్రమే. అప్పటినుంచి మెడ దాకా మూసిన నల్లటి పొడవాటి అంగీ ఆయన రోజువారీ వేషం అయిపోయింది. అంగీ ఉంటే 1865 తర్వాతది. కోటు, మెడకు టై ఉంటే అంతకుముందుది అయ్యే అవకాశం ఎక్కువ. 1858 నాటి మ్యూనిక్ పోజుల్లో జుట్టు భుజాలమీద పడుతున్నా ఇంకా పూర్తిగా తెల్లబడలేదు, దవడ గట్టిగా ఉంది. 1869 నుంచి ఏడాదిని రోమ్, వైమార్, బుడాపెస్ట్ మధ్య పంచుకుని బతికారు, అందుకే చివరి ఫోటోల వెనక ఈ మూడు ఊళ్ల స్టూడియోలు తరచుగా కనిపిస్తాయి. 1886 మార్చి నాటి పారిస్ ఫోటోల్లో ముఖం ఉబ్బి, కళ్లు అలసిపోయి ఉంటాయి. అదే ఏడాది జులై 31న బైరోయిట్‌లో ఆయన కన్నుమూశారు.

అట్టను చూసి ఏడాది చెప్పొచ్చంటారు, నిజమేనా?

దశాబ్దం చెప్పొచ్చు, ఏడాది కాదు. 1860ల అట్టలు పల్చగా, మూలలు చతురస్రంగా ఉంటాయి, వెనక రాత క్లుప్తం. 1870ల్లో మూలలు గుండ్రమయ్యాయి, అట్ట మందం పెరిగింది. 1880ల్లో బంగారు అంచులు, ముదురు రంగు అట్టలు, వెనకంతా అలంకారాలు. కానీ చిన్న ఊళ్ల స్టూడియోలు పాత నిల్వ అయిపోయేదాకా వాడుకునేవి. ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకుండా అట్ట, కాగితం, స్టూడియో చిరునామా, మనిషి వేషం నాలుగూ కలిసొచ్చాకే చెప్పండి.

నా ఫోటోలో ఆయన ముఖం మీద పులిపిర్లు లేవు. లిస్ట్ కాదా?

లిస్టే కావచ్చు. పెద్దవయసులో ఆయన ముఖం మీద పులిపిర్లు స్పష్టంగా ఉండేవి. నెగటివ్ మీదే పెన్సిల్‌తో దిద్ది ముఖాన్ని నున్నగా చేయడం అప్పటి స్టూడియోల్లో మామూలే. నాదార్ స్టూడియో ఫోటోల్లో మాత్రం పులిపిర్లతో సహా ఉన్నదున్నట్టు ఆ ముఖం కనిపిస్తుంది, నాకు అవే ఎక్కువ ఇష్టం.

బొమ్మ కాస్త మసకగా, నలుపు తెలుపుల మధ్య తేడా తక్కువగా ఉంది. కారణం?

ఫోటోకు ఫోటో తీసి వేసిన కాపీ అయ్యుండొచ్చు. బాగా అమ్ముడుపోయే పోజులను వేరే వ్యాపారులు ఆ రోజుల్లోనే దొంగతనంగా కాపీ చేసి అమ్మేవారు. వెంట్రుకల పోగులు కలిసిపోయి ముద్దగా కనిపించడం, అంగీ నలుపులో మడతలు మాయమవడం, వెనక స్టూడియో పేరు లేకపోవడం దానికి గుర్తులు. అదీ పందొమ్మిదో శతాబ్దపు వస్తువే, కానీ ధర చాలా తక్కువ ఉండాలి.

## సంతకం

కింద "ఎఫ్. లిస్ట్" అని సంతకం ఉంది. అసలుదేనా?

భూతద్దం కింద పెట్టండి. గీత అంతటా ఒకే మందంలో, ఒకే రంగులో, అట్ట ఉపరితలంతో సమంగా ఉంటే అది అచ్చు వేసిన సంతకం. ప్రసిద్ధుల కార్డుల మీద ఇలా అచ్చు వేయడం చాలా మామూలు. కలంతో చేసిన సంతకంలో ఒత్తిడి మారుతుంది, గీత మలుపు తిరిగే చోట, ఆగే చోట సిరా గడ్డకట్టి ముదురుగా ఉంటుంది, గీతలు ఒకదాన్నొకటి దాటే చోట రెండో గీత పైనుంచి పోవడం కనిపిస్తుంది. ఆ కాలపు ఇనుప సిరా గోధుమరంగుకు తిరిగి ఉండాలి. పెద్దవయసులో లిస్ట్ శిష్యులకు పాఠాలు డబ్బు తీసుకోకుండా చెప్పారు, ఫోటోల మీద సంతకాలు, అంకితాలు కూడా ధారాళంగా చేశారు. కాబట్టి నిజమైనవి ఉన్నాయి. సంతకం వల్ల ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి పాత ఫోటో మీద కొత్తగా చేసిన దొంగ సంతకాలూ ఉన్నాయి. పెద్ద మొత్తం పెట్టే ముందు చేతిరాత నిపుణుల అభిప్రాయం తీసుకోండి. అమ్మేవాళ్లే ఇచ్చే సర్టిఫికెట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

## ఇంట్లో దాచడం

దుమ్ము, మరకలు ఉన్నాయి. తుడవొచ్చా?

మెత్తటి పొడి బ్రష్‌తో మధ్య నుంచి బయటికి తేలిగ్గా దుమ్ము దులపండి, అంతవరకే. తడిగుడ్డ, వెట్ వైప్, స్పిరిట్, ఎరేజర్ ఏదీ ముందువైపుకు తగలకూడదు. తెల్లసొన పొర నీరు తగిలితే ఉబ్బుతుంది, పగుళ్లు పెరుగుతాయి. ఒంగిన అట్టను సాపు చేయాలని వేళ్లతో వెనక్కి వంచితే మధ్యలో పుటుక్కున విరుగుతుంది, ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు. చిరిగితే సెలోటేప్ వేయొద్దు.

లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుందని షాపువాళ్లు అంటున్నారు. చేయించనా?

దయచేసి చేయించకండి. వేడి, ఒత్తిడి, ప్లాస్టిక్ జిగురు మూడూ కలిసి అల్బుమెన్ పొరను శాశ్వతంగా పాడుచేస్తాయి. ఒకసారి చేశాక విడదీయడం సాధ్యం కాదు. 1870లో ఎండలో ముద్రించి, ఇన్ని యుద్ధాలు దాటుకుని మన చేతికి వచ్చిన కాగితాన్ని ఐదు నిమిషాల్లో పోగొట్టుకోవడం అవుతుంది.

మాది విశాఖ, గాలిలో తేమ ఎక్కువ. ఎలా దాచాలి?

గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 65 దాటితే బూజు పట్టే ప్రమాదం. చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని పెట్టెలో ఉంచండి. ఫోటోను ఆమ్లం లేని కాగితపు కవరులో గానీ పాలిస్టర్ కవరులో గానీ పెట్టి, దాన్ని ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టండి. పీవీసీ కవర్లు, జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర ఉండే పాత "మాగ్నెటిక్" ఆల్బమ్‌లు వద్దు. తేమ ఉన్నచోట పాలిస్టర్ ఫోటోకు అతుక్కునే అవకాశం ఉంది, తీరప్రాంతంలో నేను కాగితపు కవరుకే ఓటేస్తాను. పెట్టెను ఇనుప బీరువాలో మధ్య అరలో, బయటి గోడకు ఆనించకుండా ఉంచండి. సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మారుస్తూ ఉండండి. కలరా ఉండలు ఫోటో ఉన్న పెట్టెలో వేయొద్దు. సిల్వర్‌ఫిష్ పురుగుకు పిండి జిగురు, జెలటిన్ ఇష్టమైన తిండి, కాబట్టి నెలకోసారి పెట్టె తెరిచి చూడాల్సిందే. పాత పుస్తకాల్లా ఎండలో ఆరబెట్టే అలవాటు వీటి దగ్గర పనికిరాదు.

గోడకు తగిలించుకోవాలని ఉంది.

మంచి కాపీ వేయించి దాన్ని తగిలించండి, అసలుది పెట్టెలో ఉండనివ్వండి. అసలుదే కావాలంటే ఫ్రేము షాపులో దగ్గరుండి చేయించుకోండి. ఫోటోకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉండేలా ఆమ్లం లేని మౌంట్ వేయాలి, ఫెవికాల్‌తో అంటించకుండా మూలలకు కాగితపు త్రికోణాలు పెట్టాలి, వెనక హార్డ్‌బోర్డు నేరుగా తగలకూడదు. ఎండ పడని గోడ చూసి, 50 లక్స్ మించని వెలుతురులో, ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే ఉంచండి.

## స్కాన్ చేయడం, పంచుకోవడం

ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలి?

కేబినెట్ కార్డుకు 600 డీపీఐ, చిన్న కార్ట్ ద విజిట్‌కు 1200. నలుపు తెలుపుగా కనిపించినా రంగుల్లోనే, టిఫ్ ఫైలుగా దాచండి. రెండువైపులా అంచులతో సహా స్కాన్ చేయండి. పేపర్లు లోపలికి లాక్కునే రకం స్కానర్‌లో పెట్టొద్దు, పైన మూత ఉన్న ఫ్లాట్‌బెడ్ మాత్రమే వాడండి. రంగులు అద్దిన, ఏఐతో ముఖం మెరుగుపరిచిన కాపీని వేరే ఫైలుగా పెట్టి, మార్చినదని పేరులోనే రాయండి. ఆ పనిముట్లు లేని కనురెప్పలు, లేని చర్మం కల్పించి పెడతాయి. పదేళ్ల తర్వాత దాన్నే అసలు ముఖం అనుకునే ప్రమాదం ఉంది.

నెట్‌లో పెడితే కాపీరైట్ సమస్య వస్తుందా?

లిస్ట్ బతికి ఉండగా తీసి అమ్మిన ఫోటోలకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. భారతదేశంలో ఫోటోకు రక్షణ 2012 సవరణకు ముందు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు, ఇప్పుడు తీసినవాళ్లు పోయాక 60 ఏళ్లు. యూరప్‌లో తీసినవాళ్లు పోయాక 70 ఏళ్లు, నాదార్ పోయింది 1910లో. పెట్టేటప్పుడు స్టూడియో పేరు, ఊరు, మీ ఫోటో కొలతలు రాస్తే వెతికేవాళ్లకు ఉపయోగం.

నా ఫోటో గురించి ఇంకా తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలి?

లిస్ట్ రాతప్రతుల్లో పెద్ద భాగం వైమార్‌లోని గోథె, షిల్లర్ ఆర్కైవ్‌లో ఉంది. బుడాపెస్ట్‌లో వోరోష్మార్తి వీధిలో ఆయన నివసించిన చోటే లిస్ట్ స్మారక మ్యూజియం ఉంది. రెండువైపుల స్కాన్లు, కొలతలు జతచేసి మర్యాదగా ఒక చిన్న ఈమెయిల్ రాయండి, "ఈ పోజు మీ దగ్గర ఉందా, ఏ ఏడాదిగా నమోదైంది" అని ఒకే ప్రశ్న అడగండి. ధర ఎంత పలుకుతుందని మాత్రం మ్యూజియాలను అడగొద్దు, వాళ్లు విలువ కట్టరు. దానికి వేలం సంస్థల పాత అమ్మకాల జాబితాల్లో అదే పోజు, అదే సైజు, అదే స్థితిలో ఉన్నది ఎంతకు పోయిందో చూసుకోవాలి.

భారతదేశంలో ఉన్న ఫోటోను అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పంపొచ్చా?

పంపే ముందు భారత పురావస్తు సర్వే ప్రాంతీయ కార్యాలయంలో అడగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన కళావస్తువుల మీద, 75 ఏళ్లు దాటిన చారిత్రక పత్రాల మీద ఎగుమతి ఆంక్షలున్నాయి. మీ ఫోటో ఆ పరిధిలోకి రాదని వాళ్లు ధ్రువపత్రం ఇస్తే దాని నకలు పార్సిల్‌తో పాటు పెట్టండి. విదేశంలో కొని తెచ్చుకున్న ఫోటో అయితే ఆ బిల్లు కూడా దాచి ఉంచి చూపించండి.